సర్దారు సదయ్య డొల్ల రూఫు

చేతిలో కర్రతో సదయ్య మా వీధి మలుపు తిరిగాడంటే ఆడవాళ్లు ముందు కుండలు లోపల పెట్టుకుంటారు. దేన్ని చూసినా దాన్ని కర్రతో ఓసారి కొట్టి, తల పక్కకు వంచి, కళ్లు మూసుకుని విని, తీర్పు చెప్పందే ఆయన కదలడు. కుండైనా, గోడైనా, కొబ్బరికాయైనా, కొత్తగా వేసిన సిమెంటు గట్టైనా ఆ తీర్పులో ఉండేది ఒకటే మాట. "డొల్ల!"

ఈ జబ్బు ఆయనకు బాయిలో అంటుకుంది. గోదావరిఖనిలో బాయి అంటే బొగ్గు గని. పెళ్లై కోస్తా నుంచి వచ్చిన కొత్తలో నాకది తెలియదు. సదయ్య భార్య సారవ్వ నవ్వుతూ "మా ఆయన పొద్దుగాలనే బాయిల దిగిండు" అంటే, నేను తాడు కోసం పెరట్లోకి పరిగెత్తాను. ఆ కథ కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు, చెప్పేది ఎక్కువగా సారవ్వే.

బాయిలో సదయ్య సర్దారు. షిఫ్టు వాళ్లందరి కంటే ముందు సర్దారు లోపలికి పోవాలి. ఇత్తడి పొన్ను వేసిన కర్రతో పైనున్న రాతిని కొట్టి చూడాలి. పైకప్పును వాళ్లు రూఫు అంటారు. రాయి గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. పొర విడిపోయి ఉంటే బద్దుమంటుంది, అదే డొల్ల. డొల్ల అని తేలితే పని మానేసి పారిపోరు. కింద ఒక దుంగ నిలబెట్టి బిగిస్తారు. దాన్ని ప్రాపు అంటారు. ప్రాపు బిగిశాక, దాని పక్కనే కూర్చుని సద్ది కూడా తింటారు.

సర్వీసు చివరి ఏళ్లలో సదయ్యకు ఎక్కడ కొట్టినా డొల్లే వినిపించింది. ఆయన సెక్షన్లో అడుగు తీసి అడుగు వేద్దామంటే దుంగ అడ్డం. "సర్దారూ, మనం గీడ బొగ్గు తీస్తున్నమా, అడివి పెంచుతున్నమా?" అని షిఫ్టు వాళ్లు మొహం మీదే అడిగేవారు. సదయ్య చలించలేదు. ఆ ఏళ్లలో ఆయన కింద పనిచేసిన ఒక్కడికీ గీత కూడా పడలేదు. చివరికి ఓ సభలో శాలువా కప్పి, "ఈయన చెవి మనందరికీ రక్ష" అని పొగిడి, ఒక గోడ గడియారం ఇచ్చారు. సదయ్య దాన్ని కూడా కొట్టి చూశాడు.

రిటైరయ్యాక కర్ర ఇంటికొచ్చింది. సింహాచలం అప్పన్న చందనం ఒలిచినంత నిష్ఠగా ఆయన రోజూ దాని పొన్ను తోమేవాడు. వేసవిలో చౌరస్తాలో జైపాల్ పుచ్చకాయల బండి దగ్గర ఆ కర్రకు కొత్త ఉద్యోగం దొరికింది. పుచ్చకాయకు న్యాయం తిరగబడుతుంది. పచ్చికాయ టంగుమని సన్నగా మోగుతుంది, పండినది బొద్దుగా పలుకుతుంది. అంటే రూఫుకు చావైనది పుచ్చకాయకు పెళ్లన్నమాట. సదయ్య ఏ కాయ కొట్టినా "డొల్ల మోత! పండింది, తీస్కపో" అనేవాడు. జైపాల్‌కు ఇంతకంటే ఏం కావాలి? "సర్దారు కొట్టి చూసిన తర్బూజ" అని అరిచి మరీ అమ్మేవాడు. ఇంటికి తెచ్చి కోస్తే లోపల సొరకాయలా తెల్లగా ఉండేది. అడగబోతే సదయ్య, "నేను కొట్టినప్పుడు పండే ఉన్నది బిడ్డా, మీ ఫ్రిజ్జుల పెట్టినంక గట్లయింది" అనేవాడు. నేను బళ్లో సైన్సు చెప్తాను. ఈ సిద్ధాంతం పిల్లలకు ఇంకా చెప్పలేదు.

ఇంతవరకూ నవ్వుకోవడానికి బాగానే ఉంది. చిక్కు ఇంటి దగ్గర వచ్చింది.

రిటైరైతే క్వార్టరు ఖాళీ చేయాలి. సారవ్వ పెళ్లైన నాటి నుంచి క్వార్టర్లలోనే కాపురం చేసింది. మేకు కొట్టాలన్నా మనది కాదు, చెట్టు నాటాలన్నా మనది కాదు. సెంటినరీ కాలనీ దాటాక, మా ఇంటి పక్క ప్లాటులో వాళ్లు ఇల్లు మొదలుపెట్టినప్పుడు ఆమె రోజూ షేరింగ్ ఆటోలో వచ్చి గోడలకు తనే నీళ్లు కొట్టింది. పైన పర్యవేక్షణ మా మామగారిది. నరసింహమూర్తిగారు రిటైరైన సివిల్ ఇంజనీరు, స్లాబు వేయించడం ఆయనకు సంధ్యావందనంతో సమానం. స్లాబు వేసిన రోజు ఎండలో గొడుగు కూడా పట్టుకోకుండా నిలబడ్డారు.

సెంట్రింగు విప్పిన రోజు అందరం చూడ్డానికి వెళ్లాం. సారవ్వ హాలు మధ్యలో నిలబడి పైకి చూస్తూ, ఇక్కడ ఫ్యాను, అక్కడ దేవుడి అర అని వేలు చూపిస్తోంది. సదయ్య కర్ర ఎత్తి స్లాబును కొట్టాడు. తల వంచాడు. రెండడుగులు జరిగి మళ్లీ కొట్టాడు.

"డొల్ల," అన్నాడు.

మా మామగారి మొహం చూసి నేను మంచినీళ్ల బాటిల్ మూత తీసి పట్టుకున్నాను.

"ఏవిటండీ డొల్ల?" అన్నారాయన. "నా సర్వీసులో నేను వేయించిన స్లాబు ఒక్కటి చెమ్మగిల్లలేదు. ఇది గని కాదు సదయ్యగారూ, కాంక్రీటు!"

"ఏదైతేంది సారూ, మీద పడితే మనిషి బతుకడు."

మర్నాడు మా మామగారు తెలిసినవాళ్ల దగ్గర నుంచి కాంక్రీటు గట్టిదనం చూసే స్ప్రింగు సుత్తి తెప్పించారు. హాలంతా పరీక్ష చేసి, అంకెలు చదివి వినిపించి, ఈ స్లాబు మీద ఏనుగును కట్టెయ్యొచ్చన్నారు. సదయ్య అంతా శ్రద్ధగా విని, "ఏనుగు మీదుంటది సారూ, సారవ్వ కిందుంటది" అన్నాడు. గృహప్రవేశానికి పెట్టుకున్న ముహూర్తం అలాగే దాటిపోయింది. క్వార్టరు ఖాళీ చెయ్యమని ఆఫీసు వాళ్లు మళ్లీ అడిగారు. ఆయన మాత్రం ఆ స్లాబు కింద భార్యను అడుగు పెట్టనివ్వనని భీష్మించుకున్నాడు.

సారవ్వ నోరున్న మనిషి, మాటకు మాట అంటించే మనిషి, ఆ నెలలో తన ఇంటికి బయటి నుంచే నీళ్లు కొట్టి, గడప ముందు ముగ్గేసి, వెనక్కి తిరిగి పోయేది.

ఆమెను పలకరిద్దామని ఒక ఆదివారం పొద్దున వాళ్ల క్వార్టరుకు వెళ్లాను. సదయ్య కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని భూమిని పైనుంచే తవ్వే ఓసీపీ గనుల మీద తనకిష్టమైన ఉపన్యాసం ఎత్తుకున్నాడు. "ఓసీపీల బ్లాస్టింగులు పెట్టిన కాంచి ఊర్ల ఒక్క పిచ్చుక లేదు బిడ్డా. అన్ని సచ్చినయ్. చప్పుడే లేదు."

ఆయన తల వెనక, కిటికీ ఊచల మీద, నాలుగైదు పిచ్చుకలు మాట వినపడనంతగా కొట్లాడుకుంటున్నాయి. పక్కనే పాలకుక్కరు ఈల వేయడం మొదలుపెట్టింది. పొయ్యి సదయ్యకు చేతికందేంత దూరంలో ఉంది. ఆ ఈలకు నా చెవులు చిల్లులు పడుతున్నాయి. సారవ్వ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి పొయ్యి ఆపింది.

"పక్కన కూసోని పాలు జూడవా?"

"కూత పెడితే గద సూసేది!" అన్నాడు సదయ్య, తప్పు కుక్కరుదే అన్నట్టు.

నాకు బుర్రలో దీపం వెలిగింది. ఫోను తీసి, బళ్లో పిల్లలకు వినిపించే శబ్దం పెట్టాను. అది బొంగురుగా మొదలై పోనుపోను సన్నబడుతుంది. "ఎక్కడ ఆగిపోతే అక్కడ చెప్పండి బాబాయ్" అన్నాను. అది ఇంకా సగం కూడా ఎక్కక ముందే "బందైంది" అన్నాడు. సారవ్వా నేనూ చెవులు మూసుకుని ఉన్నాం.

బతుకంతా డ్రిల్లుల పక్కన, ఫ్యాన్ల హోరులో గడిపిన చెవికి ముందు పోయేది సన్న శబ్దాలే. మనుషుల గొంతులు, లారీలు, బ్లాస్టింగులు మామూలుగానే వినిపిస్తాయి కాబట్టి పోయిన సంగతి తెలియదు. పిచ్చుకలు పోయాయి, కుక్కరు పాడైంది, కాలం మారింది అనుకుంటాం. ఖంగులోని ఆ సన్న మోత తీసేస్తే మిగిలేది బద్దే. రూఫులన్నీ డొల్లవడానికీ, కాయలన్నీ పండడానికీ కారణం ఒకటే.

"స్లాబు కాదు బాబాయ్, మీ చెవి డొల్ల," అని చెప్పేశాను. బడిపంతులు నోరు కదా, ఆగలేదు.

సదయ్య మొహం తిప్పుకున్నాడు. సారవ్వ మాత్రం ఆయన్ని రెక్క పట్టుకుని దవాఖానకు తీసుకుపోయింది, పరీక్ష చేయించింది, చెవి మిషన్ పెట్టించింది. బయటికి రాగానే ఆయన దవాఖాన మెట్ల మీద నిలబడిపోయాడట. "ఏందే గది?" అని అడిగాడట. గేటు మీది పిచ్చుక. "ఎన్నడచ్చినయే ఇవి?" అన్నాడట. ఎటూ పోలేదని చెప్పకుండా ఆయన్ని ఆటో ఎక్కించానని సారవ్వ నాతో చెప్పింది. చౌరస్తాలో జైపాల్ కాయలన్నీ ఒక్కరోజులో పచ్చివైపోయాయి. సర్దారుకు మిషన్ పెట్టించినవాళ్లు ఎవరో తెలిశాక, అతను నాకు కాయ అమ్మడం మానేశాడు.

ఇక మిగిలింది స్లాబు. మా మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. సదయ్య హాలు మధ్యకొచ్చి, మిషన్ సర్దుకుని, కర్ర ఎత్తి కొట్టాడు.

ఖంగుమంది. నాలుగు గోడలూ పలికేంత నిండుగా మోగింది.

"విన్నారా!" అన్నారు మా మామగారు, మనవడు పుట్టినంత సంబరంగా. సారవ్వ చేతులు జోడించింది. సదయ్య మాత్రం కర్ర కిందపడేసి గోడకు చేరగిలబడ్డాడు.

"గిట్లనే మోగింది," అన్నాడు. "ఆగయ్య సచ్చిన దినం."

ఆగయ్య పేరు నేనెప్పుడూ వినలేదు. సారవ్వ విన్నట్టుంది, వెంటనే వెళ్లి పక్కన కూర్చుంది. సదయ్య కొత్తగా సర్దారైన రోజుల మాట. ఆగయ్య ఆయన దోస్తు, ఒకే షిఫ్టు. చెవులు పదునుగా ఉన్న వయసు. రూఫు కొట్టి చూశాడు, ఖంగుమంది, పనిలోకి రమ్మన్నాడు. రాతిలో ఒక చెట్టు మొద్దు ఇరుక్కుని ఉంది. మనిషి పుట్టక ముందెప్పుడో నిలువునా పూడిపోయి రాయైపోయిన చెట్టు. చుట్టూ రాయి గట్టిదే కాబట్టి దాని జాడ మోతలో తెలియదు. పలచటి బొగ్గు పొర పట్టుకున్నన్నాళ్లు ఉంటుంది, ఒకనాడు బిరడా ఊడినట్టు జారుతుంది. ఆగయ్య సద్ది విప్పుకుంటుండగా అది జారింది.

"మంచిగ మోగిన రూఫు కిందనే పోయిండు సారూ," అన్నాడు సదయ్య. "డొల్ల రూఫు కింద నాకు ఒక్కడు సావలే."

చెవి బాగున్నప్పుడు మనిషి పోయాడు, చెవి పోయాక అందరూ బతికారు. ఆ గోడ గడియారం నిజానికి ఆయన చెవుడుకు ఇచ్చిన బహుమతి. ఆ చెవుడును నేను సైన్సు చెప్పి పోగొట్టాను.

సారవ్వ కొంగుతో ఆయన మొహం తుడిచింది. తరవాత ఆయన చెవిలోంచి మిషన్ తీసి తన కొంగున ముడి వేసుకుంది. కర్ర చేతికిచ్చి, గట్టిగా, "ఇగ కొట్టు" అంది.

ఆయన కొట్టాడు. మాకు ఖంగుమంది.

"ఎట్లున్నది?"

"డొల్ల."

"బాయిల డొల్లంటె పని బంద్ పెట్టి ఇంటికొచ్చినవా ఎప్పుడన్న?"

సదయ్య ఆమె వైపు చూశాడు. "లే. ప్రాపు పెట్టిస్తుంటి."

"మరి పెట్టు. పెట్టి లోపలికి రా. నా ఇంట్ల నేను ఎప్పుడుండాలె?"

అలా సరికొత్త హాలు మధ్యలో, కొత్త టైల్సు మీద, ఒక టేకు దుంగ లేచింది. సదయ్య స్వయంగా కొలిచి, కోయించి, పైన చెక్క ముక్క పెట్టి, చీల కొట్టి బిగించాడు. మా మామగారు రెండు రోజులు అన్నం సయించక తిరిగారు. "నా స్లాబుకు దుంగా! చూసినవాళ్లు ఏమనుకుంటారమ్మా?" అని సారవ్వ దగ్గర మొర పెట్టుకున్నారు. "సారూ, నీ స్లాబు నీ స్లాబే. దుంగ స్లాబుకు గాదు, ఆయనకు" అందామె. గృహప్రవేశం నాడు సారవ్వ దానికి పసుపు రాసి బొట్లు పెట్టింది. వచ్చినవాళ్లు అదేదో దేవుడనుకుని దండం పెట్టి పోయారు. భోజనాలయ్యాక చూస్తే మా మామగారు చెమటకు తడిసిన తన ఇస్త్రీ చొక్కా విప్పి, ఆ దుంగకున్న చీలకే తగిలించి, కింద చాప మీద నిద్రపోతున్నారు.

ఇప్పుడు సదయ్య పొద్దంతా మిషన్ పెట్టుకుంటాడు. పెరట్లో పిచ్చుకలకు నూకలు చల్లుతాడు, పాలకుక్కరు కూత పెడితే తనే లేచి పొయ్యి ఆపుతాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మాత్రం మిషన్ తీసి సారవ్వ చేతిలో పెట్టి, దుంగ పక్కన చాప పరుచుకుని, కర్రతో ఓసారి పైకి కొడతాడు. మా ఇంట్లోకి కూడా వినిపిస్తుంది, ఖంగుమని.

"డొల్లనే గదనే?" అని అడుగుతాడు.

"డొల్లనే," అంటుంది సారవ్వ. "పండుకో."