ఒక కొక్కెం తగ్గించి కట్టించుకున్న పన్ను

ఆ రోజుల్లో విశాఖపట్నం మొత్తానికి కట్టుడు పన్ను దగ్గర కూడా బేరమాడిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. ఆడటమే కాదు, నెగ్గాను కూడా. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. గాజువాకలో బస్సు ఆగకముందే దిగి, పైవరసలో ముందు పన్ను పోగొట్టుకున్నాను. స్టీలు ప్లాంటు కడుతున్న కాలం. కంచరపాలెంలో మా సామాన్ల కొట్లో టిఫిన్ క్యారియర్లు వచ్చినవి వచ్చినట్టు పోతున్నాయి. సరుకు కొనే పెత్తనం మాత్రం నాన్న వదలడు. నాకేమో అదే కావాలి. "ముందు పన్ను లేనోడి బేరం ఎవుడు లెక్కసేత్తాడ్రా? పన్నెట్టించుకు రా, ఈసారి సరుక్కి నువ్వే ఎల్దువు గాని" అన్నాడు.

పళ్లు కట్టే ఆయన ఓపిగ్గా చెప్పాడు. అంగిలికి ఆనుకునే ప్లేటు, దానికి పన్ను, అటొకటి ఇటొకటి తీగ కొక్కేలు. కొక్కెం పక్కనున్న గట్టి పంటిని చుట్టి, దాని ఉబ్బు దాటాక చిగురు వైపు సన్నబడే చోట పట్టుకుంటుంది. జారాలంటే ఆ ఉబ్బెక్కి రావాలి గనక జారదు. మొత్తం నలభై రూపాయలు. నాకు చెవికెక్కింది ఒక్కటే: కొక్కేలు రెండు. (రెండున్న చోట ఒకటి తగ్గించొచ్చని మా ఇంట్లో ఉగ్గుపాలతోనే నేర్పుతారు.) "ఒకటి తీసేసి ధర చెప్పండి" అన్నాను. "ఒక్కదాన్నట్టుకుని ప్లేటు ఊగులాడిపోద్ది బాబూ! ఇదేటి సీరా, కొంగు కోసి ఇచ్చీడానికి?" అని మొత్తుకున్నాడు. గంట నిలబడ్డాను. ముప్ఫై రెండుకి దిగి, "తరవాత నాను సెప్పలేదనకు" అన్నాడు.

పన్ను పెట్టించుకున్న మర్నాడు వన్‌టౌన్‌లో టోకు వ్యాపారి సాహెబు గారి ముందు కూర్చుని, క్యారియర్ మూత తీసి పెదవి విరిచి, డజనుకి పాతిక తగ్గించమన్నాను. ఆయన కదల్లేదు. "అయితే అనకాపల్లిలోనే కొనుక్కుంటాను" అని దర్జాగా లేవబోయాను. ఆ 'పల్లి' దగ్గర ప్లేటు ఒక్క తీగ మీద గేటులా తిరిగింది. నాలికతో సర్దేలోపు బయటికొచ్చి, గిన్నె అంచుకి ఠంగున తగిలి, గచ్చు మీద పడి రెండు ముక్కలైంది.

సాహెబు గారు ముక్కలు తీసి తిప్పి చూశారు. "రెండో పక్క తీగేది బేటా?"

"బేరమాడి తీయించేశానండి."

ఆయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. "ఈ క్యారియర్‌కీ రెండు పక్కలా కొక్కేలున్నాయి. ఒకటి పీకేసి తక్కువకిచ్చీమంటావా? సాంబారుకి మాత్రం నాది గ్యారంటీ లేదు!" గుమాస్తాలంతా గొల్లుమన్నారు. ఆ నోటితో ఇంకేం అడుగుతాను? చెప్పిన ధరకే నాలుగు డజన్లు కొన్నాను.

ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు కోపం రాదు, కాస్త ముద్దొస్తాడు కూడా. అయినా లెక్క లెక్కే. కొక్కెం మీద మిగిలింది ఎనిమిది. క్యారియర్ల మీద రాకుండా పోయింది వంద. కొత్త ప్లేటుకి మళ్లీ నలభై (ఈసారి నోరెత్తలేదు). కొనే పెత్తనం ఇంకో రెండేళ్లు నాన్న దగ్గరే. రాబడి కింద సాహెబు గారు తెప్పించిన చాయ్ ఒకటి. సగం ఆ పంటి సందులోంచి చొక్కా మీదికే పోయింది గనక, అరకప్పు.