ఎక్కాల సారు కొన్న క్యాలిక్యులేటర్

మా ఎక్కాల సారు పోయిండు. రెండు వారాల కింద సోమవారం పొద్దున నా కుట్టుదుకాణంల గుడ్డ పరిచి చాక్‌పీసుతోని గీత గీస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. "సారు లేడే బిడ్డా, నిద్రలనే పానం పోయిందట" అన్నది. చేతుల చాక్‌పీసు గట్లనే పట్టుకొని గల్లీలకు ఉరికిన. లాల్‌దర్వాజాల మా ఇంటికి, సారు ఇంటికి నడుమ ఒక పిండిగిర్నే ఉంటది. పోయేసరికి అరుగంత జనం. ఆ అరుగు మీద అంతమంది కూసోని అంత సప్పుడు లేకుంట ఉండుడు నేనెన్నడు చూడలే.

సర్కారు బడిల పనిచేసి రిటైరైనంక సారు ఆ అరుగు మీదనే ట్యూషన్ పెట్టిండు. లెక్కలన్నీ చెప్తుండె గని ఆయన పానమంత ఎక్కాల మీదనే. పొద్దుగాల నల్లా కాడ పండ్లు తోముకుంటనే పదమూడో ఎక్కం చదువుతుండె. నోట్ల నురుగు, మాట సక్కగ రాకపోతుండె. పక్కింటి అవ్వ ఊకుంటదా? "సారూ, పదమూడెన్మిదులు మింగినవ్, మళ్ల చదువు" అని ఎక్కిరిస్తుండె. సారు పుక్కిలించి నిజంగనే మళ్ల మొదటికెల్లి చదువుతుండె.

ట్యూషన్ల ఎవలన్న పోరలు లెక్కకు ఫోన్ తీసిన్రనుకోండ్రి, సారుకు యాడలేని కోపం వస్తుండె. "ఏందిరా ఆ డబ్బా? డబ్బాల పప్పు పోసుకుంటరు, బుద్ధి పోసుకోరు" అంటుండె. గసుంటి మనిషి నా పదో తరగతి పరీక్షల కోసం క్యాలిక్యులేటర్ కొననీకె బజారుకొచ్చిండు. సారు గురించి మీకు ఒక్క ముచ్చటే చెప్పుమంటే నేను గిదే చెప్త.

నాకు అంకెలు నిలువయి. ముప్పై ఆరు చూస్తే అరవై మూడు రాస్త. పొద్దున వచ్చిన ఎక్కం మాపటికి ఉండదు. చిన్నప్పుడు అందరు మొద్దు అన్నరు. అమ్మ తాయెత్తు కట్టిపిచ్చింది. సారు మాత్రం ఒక్కనాడు తిట్టలే. నేను తొమ్మిదిల ఉన్నప్పుడు నా నోటుబుక్కు ఒళ్లె పెట్టుకొని మస్తుసేపు చూసిండు. చూసి అమ్మను పిలిచిండు. "అమ్మా, లెక్క ఎట్ల చెయ్యాల్నో నీ బిడ్డకు తెలుసు. తొవ్వంత సక్కగనే పోతున్నది. అంకెలే ఈమెను ఆగం చేస్తున్నయ్. ఇది మొద్దుతనం గాదు, డాక్టర్‌కు చూపెట్టు" అన్నడు.

డాక్టర్ దానికి నోరు తిరగని పేరేదో చెప్పిండు. ఇసుంటి పిల్లలకు పరీక్షల క్యాలిక్యులేటర్ ఇస్తరని సారే బడి చుట్టు తిరిగి పర్మిషన్ తెప్పిచ్చిండు. సాదాదే ఉండాలె, సైంటిఫిక్ పనికిరాదు అన్నరు. నాకేమో పది పాసైతే ఐటీఐల కుట్టుపని నేర్చుకోవాల్నని ఉండె. లెక్కల పేపర్ తప్పితే చదువు బంద్ అని మా నాయన ముందే కరాఖండిగ చెప్పిండు. ఆ ఒక్క పేపరే నాకు గండం.

ఎక్కాల సారు డబ్బా కొనవోతున్నడని గల్లీల ఒకటే నవ్వులు. సారు చెప్పులేసుకుంట, "కండ్లద్దాలు పెట్టుకున్నోన్ని దొంగంటరా? ఇదీ గంతే. నడువు బేటా" అన్నడు.

చార్మినార్ దిక్కు ఒక స్టేషనరీ దుకాణానికి పోయినం. దుకాణం భాయ్ ఒక సన్న సైంటిఫిక్‌ది ముందర పెట్టి, "బచ్చీకు యే లేలో సార్, సబ్ ఆతా ఇస్మే" అన్నడు. దాంట్ల అన్ని లెక్కలు వస్తయట.

"నక్కో భాయ్. సాదాది జూపెట్టు."

సారు అంకెలు చెప్పుడు, నేను కొట్టుడు. చిన్నవాటిల నా వేలు రెండు బటన్ల మీద పడుతుండె. ఒకటేమో ఒత్తినప్పుడల్ల కీచుమంటుండె. "ఇది పట్టుకొనిపోతే పరీక్ష హాలంత నీ దిక్కే చూస్తది" అని దాన్ని పక్కకు పెట్టిండు. ఆఖరికి ఆయన కన్ను గల్లా పక్కనున్న దాని మీద పడ్డది. పెద్ద బటన్లు, అంకెలు కనవడే కిటికీ గూడ పెద్దగ, జర పైకి లేచి ఉన్నది. నేను కొట్టి చూసిన. ఒక్క అంకె తప్పలే.

"గిదియ్యి భాయ్."

"అరే సార్, యే తో మేరా హై!"

గసుంటి కొత్తది రానీకె దినాలు పడతదన్నడు. పరీక్షలు నెత్తి మీదున్నయ్. సారు బతిమిలాడి, భాయ్ రోజు వాడుకునేదాన్నే అడిగి తీసుకున్నడు. తీసుకొని ఊకున్నడా? స్టూల్ మీద కూసోని రెండో ఎక్కం కాడికెల్లి పరీక్ష మొదలుపెట్టిండు. ఒక్కొక్కటి కొట్టుడు, నోటితోని చదువుడు, తలకాయ ఊపుడు. గిరాకులంత నిలవడి చూస్తున్నరు. భాయ్ చాయ్ తెప్పిచ్చిండు, అదీ చల్లారింది. "సార్, ఔర్ కిత్నా?" అని మొత్తుకుంటే, "పందొమ్మిదే అయింది భాయ్, ఇరవై ఉన్నది" అన్నడు. ఇరవయ్యోది గూడ అయినంక దాని వీపు మీద తట్టి "పాస్" అన్నడు. నాకు ఒకటే నవ్వు. వచ్చేటప్పుడు తొవ్వంత దాన్ని ఎదకు పెట్టుకొని వచ్చిన.

ప్రీఫైనల్ రాసిన. పేపర్ చేతికిస్తే చూడాలె, అన్నీ ఎర్రగీతలే. డబ్బా ఇచ్చినా గట్టెక్కలే అని క్లాసుల గుసగుస. నాయన ఇగ చాలన్నడు. నాకైతే గిది మస్తు తగిలింది. అంకెలు సక్కగ కొట్టినా తప్పే వస్తున్నదంటే నా తలకాయలనే ఏదో పాడైంది, ఇగ బాగుగాదు అనుకున్న. ట్యూషన్ బంద్ చేసి ఇంట్ల మూలకు పండుకున్న.

మూడోనాడు సారే ఇంటికొచ్చిండు. కుర్చీ వేస్తే వద్దని కింద కూసున్నడు. పేపర్ అడిగిండు, క్యాలిక్యులేటర్ అడిగిండు. ఒక్కొక్క లెక్క మీద వేలు పెట్టుకుంట పోయిండు.

"సగటు నలభై ఎనిమిదేంది? స్తంభం ఎత్తు ఎనభై ఏడేంది? బేటా, ఒక్క జవాబుల గూడ దశాంశం చుక్క లేదేంది?"

ఇరవై రెండును ఏడుతోని భాగించిండు. కిటికీల మూడు వచ్చింది. ఒట్టి మూడు. మళ్ల కొట్టిండు, మళ్ల మూడే. అప్పుడు దాన్ని కండ్లకాడికి తెచ్చుకొని చూస్తే పైన ఒక చిన్న జారే బటన్ సున్నా మీద ఉన్నది. దుకాణాలల్ల పైసలు ఎవలు లెక్కవెడ్తరు? చుక్క తర్వాత అంకెలు రాకుంట భాయ్ ఎప్పుడో గట్ల పెట్టుకున్నడు.

సారు నెత్తి పట్టుకొని నవ్విండు. "ఎక్కాలు కొట్టి చూసిన గదనే. ఎక్కాలల్ల చుక్కలు యాడుంటయ్!" అన్నడు. నవ్వుకుంట నవ్వుకుంటనే కండ్లల్ల నీళ్లు తీసుకున్నడు. నాయన దిక్కు తిరిగి, "పిల్ల అన్నీ సక్కగనే చేసింది. తప్పు నాది" అన్నడు. తెల్లారి అరుగు మీద, పోరలందరి ముందట, మళ్ల గదే మాట చెప్పిండు. అంత పెద్దమనిషి నాకోసం అందరి ముంగట తప్పు ఒప్పుకునుడు చూసి నేను వెక్కి వెక్కి ఏడ్చిన. అప్పటిదాంక నా లెక్క తప్పితే ఇంకొకలది తప్పుంటదని ఎవ్వరు అనలే.

చుక్క తర్వాత అంకెలన్నీ వచ్చేటట్టు బటన్‌ను చివరనున్న ఎఫ్ అక్షరం కాడికి జరిపి, అది కదలకుంట దెబ్బలకు వేసే తెల్ల ప్లాస్టర్ ముక్క అంటిచ్చిండు. "హాలుల కూసున్నంక ముందుగాల ఇరవై రెండును ఏడుతోని భాగించు. కిటికీ నిండ అంకెలొస్తేనే మొదలువెట్టు. రాకుంటే నెత్తి మీద చెయ్యి పెట్టుకోకు, ముందు డబ్బాను చూడు, తర్వాత సారును చూడు, ఆఖరికి నిన్ను చూసుకో" అన్నడు.

పరీక్షనాడు ముందుగాల ఇరవై రెండు, ఏడు. కొట్టిన. కిటికీ నిండింది. పది పాసైన. రిజల్ట్ వచ్చిననాడు సారు నల్లా కాడ పందొమ్మిదో ఎక్కం గల్లీ అంత వినవడేటట్టు చదివిండు.

ఐటీఐ అయినంక గల్లీ మొగనే కుట్టుదుకాణం పెట్టుకున్న. ఛాతి కొలత ముప్పై ఏడున్నర ఉంటే నాలుగు భాగాలు చెయ్యాలె, చుక్కల్లేకుంటే జాకెట్ బిర్రైతది. ఆ క్యాలిక్యులేటర్ ఇప్పటికీ నా బల్ల మీదనే ఉన్నది. ప్లాస్టర్ పసుపుపచ్చగైంది. సారు రోజు పొద్దున పాలకు పోతూ దుకాణం ముందర ఆగి, "బేటా, ఇరవై రెండు, ఏడు?" అని అడుగుతుండె. "కిటికీ నిండింది సార్" అంటుంటి. గంతే, ఇగ పోతుండె. పానం బాగలేని దినాలల్ల గూడ కర్ర పట్టుకొని వచ్చి అడిగిపోయిండు.

కార్యం అయినంక నిన్న దుకాణం తెరిచిన. ఎప్పటిలెక్కనే ఇరవై రెండును ఏడుతోని భాగించిన. అంకెలు ఈ అంచుకెల్లి ఆ అంచు దాంక వచ్చి నిలవడ్డయ్. "కిటికీ నిండింది సార్" అని నోట్లకెల్లి వచ్చేసింది. జాకెట్ గుడ్డ పట్టుకొని నిలవడ్డ ఆమె, "ఎవలతోని మాట్లాడుతున్నవక్కా?" అన్నది. ఆమె కొలతలు తీసుకున్న గని భాగాలు చెయ్యలే, ఆ అంకెల్ని చెరపబుద్ధి గాలే. ఇద్దరం ఆ కిటికీనే చూసుకుంట నిలవడ్డం. జరసేపటికి అంకెలు వాటంతట అవే ఆరిపోయినయ్.