పాటల కింద మాటలు

సుందరమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. బయట పాత సామాన్లు కొనేవాళ్ళ ఆటో ఆగి ఉంది. లోపల గోడ పొడుగునా అలమరాల్లో వీడియో క్యాసెట్లు. ఎదురుగా ఆమె మరిది కృష్ణకాంత్. పక్కింట్లో ఇంత జరుగుతుంటే నేను పోపు వేసుకుంటూ కూర్చోగలనా? స్టవ్ ఆపేసి వెళ్ళాను.

"లే వదినా. ఈ గది నా వాటాకొచ్చింది. సెల్‌ఫోన్ల షాపువాళ్ళు దిగుతామంటున్నారు."

"గది నీదే అబ్బాయ్. క్యాసెట్లు నావి."

"బూజుపట్టిన ప్లాస్టిక్కు! ఎవరు చూస్తారు?"

"నువ్వు చూడమాకు. నిన్నెవరు చూడమన్నారు?"

సుందరమ్మ భర్త యలమంద మా తెనాలిలో పెళ్ళి వీడియోలు తీసేవాడు. ఇటు రేపల్లె, అటు బాపట్ల దాకా ఆయన కెమెరా వెళ్ళని ఊరు లేదు. లైటు పట్టే మనిషి రాని రోజు సుందరమ్మే పట్టేది. ఆడమనిషి లైటు పట్టుకుందని ఒక పెళ్ళిలో మగపెళ్ళివారు నవ్వారట. "ఆర్పేస్తానుండండి, చీకట్లో వెతుక్కుని కట్టండి తాళి" అందట. నవ్వు ఆగిపోయింది.

ఆ రోజుల్లో పెళ్ళి క్యాసెట్ అంటే మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు వెయ్యాల్సిందే. మాటలు వినిపిస్తే వీడియో సరిగ్గా రాలేదని పేచీ పెట్టేవాళ్ళం. అందుకే మన ఇళ్ళల్లో ఉన్న క్యాసెట్లలో అందరి నోళ్ళూ కదులుతాయి, ఒక్కరి గొంతూ వినపడదు. అసలు మాటలు కెమెరాలో తిరిగిన క్యాసెట్‌లోనే ఉంటాయి. మిగతా వీడియోవాళ్ళు దాని మీదే మరో పెళ్ళి తీసేసేవారు. యలమందకి చేతులు రాలేదు. "ఒకరి పెళ్ళి చెరిపి ఇంకొకరి పెళ్ళి చేస్తామా?" అంటూ ప్రతిసారీ కొత్తది కొనేవాడు, పెళ్ళాం చేత తిట్లు తినేవాడు.

ఆయన పోయాక, తిట్టిన మనిషే కాపలా కూర్చుంది. క్యాసెట్ మరలు విప్పి, మెత్తటి గుడ్డతో రీలు మీది బూజు తుడిచి, పాత వీసీఆర్‌లో ఆడిస్తూ కంప్యూటర్‌లోకి ఎక్కించడం నేర్చుకుంది. బాపట్ల అవతల సముద్రపు ఒడ్డున తీసినవాటికి చెమ్మ మరీ ఎక్కువట. కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చే చెమ్మ పీల్చే పొట్లాల కోసం బజారులో చెప్పుల కొట్లన్నీ తిరిగింది.

మా వీధి కమలమ్మ ఊరుకోలేక, "వడియాల్లాగా డాబా మీద ఎండబెట్టరాదూ?" అంది.

"ఎండకి రీలు వంకరపోతే నీ పెళ్ళిలో నువ్వు వంకరగా నడుస్తావు. సరేనా?"

ఇంతకీ ఆ రోజు గుమ్మం దగ్గర ఇద్దరూ పట్టు వదలకుండా ఉండగా, రేపల్లె నుంచి మాధురి అనే ఆమె దిగింది. ముందే ఫోన్ చేసిందట.

"పిన్నిగారూ, మా పెళ్ళి క్యాసెట్ ఉందన్నారు. అప్పగింతలప్పుడు అమ్మ మా అత్తగారితో ఏదో చెప్పిందండి. ఏడుపులో నేను వినలేదు. మా ఇంట్లో దాన్లో అంతా పాటే. అత్తగారూ లేరు, అమ్మా పోయింది."

కృష్ణకాంత్ అందుకున్నాడు. "పెట్టు వదినా, చూద్దాం. రాకపోతే మాత్రం అన్నీ ఇవాళే ఆటో ఎక్కాలి."

"రాకపోయినా ఎక్కవు. పందెం కాయడానికి ఇవి కోడిపుంజులా?"

సుందరమ్మ లోపలికెళ్ళి వీసీఆర్‌లో క్యాసెట్ పెట్టింది. తెరంతా చుక్కలు, గీతలు. కీచుమని ఆగిపోయింది. మాధురి మొహం చూడలేకపోయాను. సుందరమ్మ తీసి, విప్పి, చేత్తో నెమ్మదిగా తిప్పుతూ మళ్ళీ తుడిచి పెట్టింది. ఈసారి బొమ్మ వణికింది గానీ నిలబడింది. మాధురి వాళ్ళమ్మ గొంతు గదంతా మోగింది.

"మా పిల్లకి పొద్దున్నే లేవటం చేతకాదండి వదినగారూ. దాన్ని లేపమాకండి. తిట్టాలనిపిస్తే నాకు కబురు పెట్టండి. పెనుమూడి ఎంత దూరం? నేనొచ్చి ఆ తిట్లు పడతాను."

అంతే. మళ్ళీ గీతలు. అప్పటికే మాటలు కంప్యూటర్‌లోకి ఎక్కేశాయి.

మాధురి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "పాతికేళ్ళు అయిదింటికే లేచానే అమ్మా! మా అత్తగారు ఈ మాట నాకొక్కరోజూ చెప్పలేదే!"

కృష్ణకాంత్ ఒకసారి బయట ఆటో వైపు చూశాడు. "బాగుంది వదినా. కాదనను. కానీ గది..."

సుందరమ్మ లేచింది. చేతుల నిండా క్యాసెట్లు ఎత్తుకుని వెనక తన వాటాకున్న ఒక్క గదిలోకి నడిచింది. ఉత్తచేతులతో తిరిగొచ్చి నా వైపు చూసింది. "అక్కయ్యా, ఓ చెయ్యి వెయ్యి." ఇద్దరం కలిసి ఆ గదిలోంచి ఆమె మంచాన్ని వరండాలోకి లాగాం.

"ఇదేంటి వదినా! నువ్వు వరండాలో పడుకుంటే వీధిలోవాళ్ళు నన్నేమంటారు?"

"అడిగినవాళ్ళకి నేను చెప్పుకుంటాలే. ముందు ఆ కోడు పట్టుకో, తలుపుకి తగులుతోంది."

పట్టుకున్నాడు.