పెనాల్టీ బాక్స్‌లో నా మంకీ క్యాప్

మొన్న శనివారం నన్ను చూసి ఒక స్టేడియం మొత్తం నవ్వింది. ఆ నవ్వుల్లో ఒక్కటి కూడా నాకు వినపడలేదు. ఎందుకు వినపడలేదో చెబుతాను, ఆ టీ ఇలా ఇవ్వండి.

"ఆదివారం పార్కుకి రాలేదేం? ఒంట్లో బాగోలేదా?" అని మన వాకింగ్ వాళ్లు ముగ్గురు ఫోన్ చేశారు. ఒంట్లో బ్రహ్మాండంగా ఉంది. మొహం చెల్లక రాలేదు, అంతే!

మీరంతా క్రికెట్ మనుషులు. ఈ కాపెల్ ఊళ్లో మన తెలుగువాళ్లలో ఐస్ హాకీ పిచ్చి ఉన్న ముసలాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటా. నాకు ఆ పిచ్చి ఎందుకంటే, నేను ముప్పై నాలుగేళ్లు కాకినాడ హార్బర్ దగ్గర ఐస్ ఫ్యాక్టరీలో పనిచేశాను. చేపల బోట్లకి ఐస్ దిమ్మలు వేసే ఫ్యాక్టరీ. ఇక్కడికి వచ్చిన కొత్తలో మా అల్లుడు ఒకసారి మ్యాచ్‌కి తీసుకెళ్లాడు. బయట టెక్సాస్ ఎండ మాడ్చేస్తోంది. లోపలికి వెళ్తే అంత పొడుగు, అంత వెడల్పు ఒకటే ఐస్ దిమ్మ! దాని మీద మనుషులు జువ్వల్లా పోతున్నారు! నేను ఐస్‌ని భుజాన మోశాను, ఇనప కొక్కెంతో లాగాను, దాని మీద జారిపడి రెండు పళ్లు ఊడగొట్టుకున్నాను. దాని మీద ఆడుకోవచ్చని మాత్రం నాకెవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఇక్కడి టీమ్ మా టీమ్ అయిపోయింది.

ఈ సీజన్ మీద నా అభిప్రాయం మీరు అడగరు. అడక్కపోయినా చెబుతాను. గోల్ కాసేవాడు, అదే గోలీ, బంగారం. వాడు లేకపోతే క్రిస్మస్‌కే మా కథ ముగిసేది. కోచ్‌కి నిలకడ లేదు. ఇవాళ కలిసి ఆడిన ముగ్గుర్ని రేపు విడదీస్తాడు. పవర్ ప్లే అయితే చెప్పక్కర్లేదు. అవతల ఒక మనిషి తగ్గినప్పుడు మావాళ్లు ఐదుగురు నలుగురి మీద ఆడతారు కదా, అప్పుడు గోల్ వెయ్యాలా వద్దా? వెయ్యరు! ఆ నల్ల బిళ్లని, అదే పక్‌ని, పెళ్లిలో తాంబూలం అందించినట్టు ఒకరికొకరు మర్యాదగా అందించుకుంటూ ఉంటారు.

అన్నిటికన్నా నా కడుపు మండేది పెనాల్టీల దగ్గర. ఎవడైనా తప్పు చేస్తే రెండు నిమిషాలు అద్దాల గదిలో కూర్చోబెడతారు. అదే పెనాల్టీ బాక్స్. ఈ సీజన్లో మావాళ్లకి బెంచీ కన్నా ఆ గదే ఎక్కువ అలవాటైంది. అనవసరంగా కర్ర అడ్డం పెట్టి ఒకడు, కోపం ఆపుకోలేక ఒకడు. నా దగ్గర ఒక పొడుగు నోటుబుక్ ఉంది. ప్రతి మ్యాచ్ రాస్తాను. గోల్ వేస్తే నీలం పెన్ను, పెనాల్టీ అయితే ఎర్ర పెన్ను. ఎర్రది ఈ ఏడు రెండోది కొన్నాను. ఒక్కో పెనాల్టీ ఎదురుగా నా మాట కూడా రాస్తాను. చాలావాటికి ఒకటే మాట: 'బుర్ర లేని పెనాల్టీ.'

ఇక అసలు సంగతి. నా ఎడమ చెవి ఫ్యాక్టరీలో కంప్రెసర్ల మోతకి ఎప్పుడో పోయింది. కుడి చెవికి మెషీన్ పెట్టుకుంటాను. మొదటి మెషీన్ చొక్కా జేబులో మర్చిపోతే వాషింగ్ మెషీన్‌లో తిరిగి తిరిగి చచ్చిపోయింది. రెండోది కొన్న రోజు మా అమ్మాయి సుజాత వేలు చూపించి మరీ చెప్పింది.

"నాన్నా, ఇది కూడా పోగొట్టావా, మ్యాచ్‌లు బంద్. ఇంట్లో కూర్చుని టీవీలో చూసుకో."

టీవీలో ఐస్ వాసన వస్తుందా అండీ? పైగా నన్ను తీసుకెళ్లేది మా మనవరాలు మేఘన. దానికి పదిహేడేళ్లు. డ్రైవింగ్ అదే చేస్తుంది. ఆగస్టులో వేరే రాష్ట్రంలో కాలేజీకి వెళ్లిపోతోంది. అంటే మేమిద్దరం కలిసి చూసే సీజన్ ఇదే ఆఖరు. శనివారం నాటి మ్యాచ్ గెలిస్తే ప్లేఆఫ్స్‌కి వెళ్తాం, ఇంకొన్నాళ్లు కలిసి చూస్తాం. ఓడితే అంతే.

స్టేడియంలో చలి. నా దగ్గర ఫ్యాక్టరీ రోజుల నాటి మంకీ క్యాప్ ఉంది. గోధుమరంగు ఉన్నిది. చెవులు, మెడ, గడ్డం అన్నీ మూసేసి మొహం దగ్గర మాత్రం కన్నం ఉంటుంది, మీకు తెలుసుగా. పార్కింగ్ లాట్‌లో ఎండకి జనం నిక్కర్లలో ఉంటే నేను అది పెట్టుకుని నడిచాను.

"తాతయ్యా, లోపల్కి వెళ్లాక పెట్టుకో, ప్లీజ్," అంది మేఘన, నాకు పదడుగుల దూరంగా నడుస్తూ.

"తీసి పెట్టుకుంటే ఎక్కడో మర్చిపోతాను," అన్నాను. ఎంత ముందుచూపో చూడండి!

మా సీట్లు ఆరో వరసలో, ఐస్ చుట్టూ కట్టిన అద్దాల దగ్గరే. నా పక్క సీటు బార్బరా గారిది. ఆవిడకి నా వయసే ఉంటుంది, నాకన్నా గట్టిగా అరుస్తుంది. ఆవిడ ఇంగ్లీషు నాకర్థం కాదు, నా తెలుగు ఆవిడకర్థం కాదు. గోల్ పడితే ఇద్దరం చేతులు కొట్టుకుంటాం. ఆ స్నేహం మూడేళ్లుగా సాగుతోంది.

మొదటి భాగంలోనే గోల్ పడింది. వెనకనుంచి ఆరో నంబర్ వాడు కొట్టాడు, దారిలో మా ఇరవై రెండో నంబర్ వాడి కర్రకి తగిలి లోపలికి పోయింది. నా రెండు కళ్లతో చూశాను! మైకులో కూడా ఇరవై రెండు అనే చెప్పారు. నోటుబుక్‌లో నీలం పెన్నుతో రాశాను. గోల్ పడగానే అక్కడ ఒక హారన్ మోగిస్తారు. ఓడ హారనే అది! మెషీన్ గుండా ఆ మోత తలలోకి మేకు దిగినట్టు దిగింది. ఠక్కున మెషీన్ తీసేసి, జేబులో పెడితే మళ్లీ ఉతుకుడు పాలవుతుందని, నుదుటి మీద క్యాప్ మడతలో దోపాను. ఆపడం మాత్రం మర్చిపోయాను.

ఆ తర్వాత మైకులో ఇంకోటి చెప్పారట. వీడియో చూశాం, అది ఇరవై రెండుకి తగల్లేదు, గోల్ ఆరో నంబర్ వాడిదే అని. నాకేం వినపడుతుంది? మేఘన నా మోచెయ్యి లాగి పెదాలు ఆడించింది. ఏదో పాప్‌కార్న్ అడుగుతోందనుకుని తల ఊపాను.

రెండో భాగంలో ఇరవై రెండు నిజంగానే ఒకటి వేశాడు. నా లెక్కలో రెండు. మూడో భాగంలో, స్కోరు రెండు రెండు మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నప్పుడు, వాడే మళ్లీ వేశాడు. నా లెక్కలో మూడు!

ఈ ఆటలో ఒక ఆచారం ఉంది. ఒకే ఆటగాడు ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్ వేస్తే, చూసేవాళ్లంతా నెత్తిన ఉన్న టోపీలు తీసి ఐస్ మీదకి విసురుతారు. టోపీల వాన కురుస్తుంది. ఇన్నేళ్లలో అది నా కళ్లెదుట ఎప్పుడూ జరగలేదు. అందుకని లేచాను. మంకీ క్యాప్ పీకాను. ఉన్నిది కదా, దూరం పోదని ఉండలా గట్టిగా చుట్టాను. మేఘన నా చెయ్యి పట్టుకుంది, విదిలించుకున్నాను. ఐస్ దిమ్మలు విసిరిన చెయ్యి అది! అద్దాల మీదుగా వెళ్లి సరిగ్గా ఐస్ నడిమధ్యన పడింది.

మిగతా టోపీల కోసం చూశాను.

ఒక్కటీ లేదు.

అంత తెల్లటి ఐస్ మీద, గోధుమరంగులో, నా క్యాప్ ఒక్కటే. పైన వేలాడే పెద్ద స్క్రీన్ మీద దాన్నే ఇంత చేసి చూపిస్తున్నారు. చారల చొక్కా రిఫరీ వచ్చి, రెండు వేళ్లతో ఎత్తి, మొహం కన్నంలోంచి అటు నుంచి ఇటు చూశాడు. జనం పొట్టలు పట్టుకుని ఊగిపోతున్నారు. నాకు మాత్రం అంతా నిశ్శబ్దం. రిఫరీ దాన్ని తీసుకెళ్లి పెనాల్టీ బాక్స్‌లో ఉండే మనిషికిచ్చాడు. ఆయన బెంచీ మీద పెట్టాడు. స్క్రీన్ మీద చూస్తే, తప్పు చేసిన ఆటగాడిలా నా క్యాప్ అద్దాల గదిలో ఒంటరిగా కూర్చుని ఉంది.

మేఘన నా నోటుబుక్ లాక్కుంది. వంటింటి బల్ల దగ్గర నేను నేర్పిన అక్షరాలే దానికి తెలుగులో వచ్చినవి. నేను కూడా పగలు దిమ్మలు మోసి, రాత్రి బడిలో పలక మీద దిద్దుకున్నవాణ్ణే. అంత గోలలో, నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరం పెద్దగా, వంకరగా రాసింది: 'అది రెండో గోల్ తాతయ్యా.'

అది చదివి చెవి తడుముకున్నాను. చెవి ఖాళీ. నుదురు తడుముకున్నాను. అదీ ఖాళీ. మెషీన్ క్యాప్‌తో పాటే ఐస్ మీదకి పోయింది! సుజాత వేలు కళ్లముందు కనబడింది. మ్యాచ్‌లు బంద్!

ఇంతలో పసుపు జాకెట్ వేసుకున్న గార్డు మెట్లు దిగి మా వరస దగ్గరికొచ్చాడు. ఐస్ మీదకి వస్తువులు విసిరితే బయటికి పంపేస్తారు. తర్వాత ఏం మాట్లాడుకున్నారో మేఘన చెప్పింది. గార్డు నన్ను లేవమన్నాడట. బార్బరా గారు తనే లేచి అడ్డంగా నిలబడిందట.

"ఈయన నా మనిషి. ఈ బిల్డింగ్‌లో ప్రతి పెనాల్టీ రాసుకునేవాడు ఈయనొక్కడే. ఒక్క గోల్ తప్పు లెక్కేస్తే పంపేస్తావా? అయితే మీ స్కోరు చెప్పేవాణ్ణి ముందు పంపు, వాడూ ఇందాక అదే తప్పు చేశాడు!"

గార్డుకి నవ్వాగలేదట. "ఇంకోసారి విసరొద్దని చెప్పండి," అని వెళ్లిపోయాడు. ఆవిడ నాకోసం అంత మాట్లాడుతుంటే నేను ఏమీ వినపడక, "ఈవిడ ఏదో పాప్‌కార్న్..." అనుకుంటున్నాను.

ఆఖరి నిమిషంలో అవతలి వాళ్లు గోలీని కూడా తీసేసి దాడికొచ్చారు. ఇరవై రెండు పక్ లాక్కుని, ఖాళీ గోల్‌లోకి మొత్తం ఐస్ పొడుగునా కొట్టాడు. మూడు! ఈసారి నిజంగా మూడు! నల్లవీ, పచ్చవీ, ఎర్రవీ, టోపీల వాన. నేను బోడి తలతో నిలబడి చూస్తున్నాను. బార్బరా గారు తన టోపీ తీసి నా చేతిలో పెట్టింది. గార్డు వంక చూశాను. వాడు కూడా తన టోపీ విసురుతున్నాడు! ముందు ఆ టోపీ మడతలన్నీ వెతికి, అప్పుడు విసిరాను. నాలుగు రెండుతో గెలిచాం. ప్లేఆఫ్స్!

జనం వెళ్లిపోయాక మేఘన నన్ను ఐస్ గేటు దగ్గరికి తీసుకెళ్లి బతిమాలింది. ఐస్‌ని చదును చేసే బండి నడిపే పెద్దాయన, పేరు రే, నా క్యాప్‌ని ఒంటికి దూరంగా పట్టుకుని తెచ్చాడు. లోపలినుంచి కుయ్ కుయ్‌మని ఒకటే ఏడుపట. పెనాల్టీ బాక్స్ మనిషి అందులో ఎలకపిల్ల ఉందని మ్యాచ్ అయ్యేదాకా బెంచీ అటు చివరికి జరిగి కూర్చున్నాడట! నేను ఆపడం మర్చిపోయిన మెషీన్ మడతలో ఇరుక్కుని అలా ఈలేస్తోంది. ఆ మర్చిపోవడమే దాన్ని కాపాడింది. అది ఏడవకపోతే నా క్యాప్ కూడా ఆ టోపీల కుప్పలో కలిసిపోయేది.

చెవికి పెట్టుకున్నాను. నాకు మొదట వినపడింది మేఘన నవ్వు.

గేటు తీసి ఉంది కదా, ఊరుకోలేక వంగి ఐస్ మీద అరచెయ్యి పెట్టాను. "ఎండలకి మెత్తబడింది. నీళ్లు పల్చగా పొయ్యాలి," అన్నాను. మేఘన ఇంగ్లీషులో చెప్పింది. రే నన్ను ఎగాదిగా చూశాడు. "వారం నుంచి నేనూ అదే మొత్తుకుంటున్నా. ఈయనకెలా తెలుసు?" అన్నాడు.

"మా తాతయ్య ఐస్ మేకర్. థర్టీ ఫోర్ ఇయర్స్," అంది మేఘన.

ఆయన గ్లవ్ తీసేసి నాకు చెయ్యిచ్చాడు. ఆ అరచేతిలో కాయలు నా కాయల్లాంటివే. ఐస్ ఫ్యాక్టరీలో పనిచేశానంటే గ్లవ్ తీసి చెయ్యిచ్చిన మనిషి నాకు అంతకుముందు తగల్లేదు. కళ్లు తుడుచుకుంటుంటే చలికి అని చెప్పాను.

కార్‌లో ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. ఇంట్లో ఏమీ చెప్పకూడదు. తలుపు తియ్యగానే సుజాత అడిగింది.

"మ్యాచ్ బాగుందా నాన్నా?"

"బ్రహ్మాండం."

"చలిగా ఉంటుందిగా, క్యాప్ పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా."

"చివరిదాకా?"

నేను నోరు తెరిచేలోపే రిమోట్ నొక్కింది. టీవీ నిండా నా మంకీ క్యాప్, పెనాల్టీ బాక్స్‌లో. ఆ వెంటనే గార్డుకి అడ్డంగా నిలబడ్డ బార్బరా గారు. మా అల్లుడు సోఫా మీదనుంచి కింద పడి నవ్వాడు. నేను చెవి ముందుకు లాగి మెషీన్ చూపించాను. సుజాత దగ్గరికొచ్చి మెషీన్‌ని వేలితో తట్టి చూసింది. "ఆ బార్బరా ఆంటీని ఒకరోజు భోజనానికి పిలవాలి," అంది. మ్యాచ్‌లు బంద్ కాలేదు. మెషీన్‌కి మాత్రం ఎర్ర దారం కట్టి చొక్కా గుండీకి ముడేసింది. ఇదిగో, ఇదే. నవ్వండి, పర్వాలేదు. ఇప్పుడు నాకు వినపడుతుంది.

ఆ మొదటి గోల్ ఇరవై రెండు కర్రకి తగిలిందనే నేను ఇప్పటికీ అంటాను. నోటుబుక్‌లో కొట్టెయ్యలేదు, కొట్టెయ్యను కూడా! అయితే మర్నాడు పొద్దున్న తీసి చూస్తే, శనివారం పెనాల్టీల కింద, నా ఎర్ర పెన్నుతో, మేఘన వంకర అక్షరాల్లో ఇంకో వరస ఉంది: 'తాతయ్య. టోపీ. 2 నిమిషాలు.'

ఎదురుగా నా మాట రాసే చోటు ఖాళీగా వదిలింది. వాదించడానికి ఏమీ దొరకలేదు. ఎర్ర పెన్ను తీసుకుని రాశాను: 'బుర్ర లేని పెనాల్టీ.'