బాబాయ్‌కి అర్థం కాని ఒప్పందం

మా యూనియన్ ప్రెసిడెంటు బాబాయ్‌కి ఏదీ ఒక్కసారి చెబితే అర్థం కాదు. రెండోసారి చెబితే మొదటిసారి అర్థమైంది కూడా పోతుంది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఆరబెట్టే మిషను దగ్గర ఇరవై రెండేళ్లుగా ఉన్నాడు. సెలవు మంజూరు చేసిన గుమాస్తాని పట్టుకుని, ఇప్పుడు నేను సెలవులో ఉన్నట్టా లేనట్టా అని గంటసేపు అడిగి, ఎటూ తేలక డ్యూటీకి వచ్చేసిన మనిషి.

నేను ఉతికే మిషను దగ్గర ఉంటాను. యూనియన్‌కి సెక్రటరీని. అంటే, బాబాయ్‌కి అర్థమయ్యేలా చెప్పడం నా పని.

అలాంటాయనకి మేనేజరు గారు ఒక ఒప్పందం పంపారు. లాండ్రీని బయటి కంపెనీకి అప్పగిస్తారట. పర్మనెంటు వాళ్లం తొమ్మిది మందిమి ఎక్కడికీ కదలం. దుప్పట్లు మడతపెట్టే పదకొండు మంది టెంపరరీ ఆడవాళ్లు మాత్రం కంపెనీ చేతిలోకి పోతారు. అది ఉంచితే ఉంటారు, పొమ్మంటే పోతారు. తొందరెందుకంటే, పాత ఒప్పందం ప్రకారం ఆగకుండా రెండేళ్లు పనిచేసిన వాళ్లని పర్మనెంటు చేయాలి. వాళ్లకి ఈ నెలాఖరుతో రెండేళ్లు నిండుతాయి. ఈలోగా ప్రెసిడెంటు సంతకం పడాలి.

"వాళ్లు మన మెంబర్లు కూడా కారు, పెట్టేయ్ బాబాయ్," అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అన్న మాట నిజం.

ముందు నాకు అర్థం కావాలి కదరా అన్నాడు. ఎదురుగా టీ కొట్టుకి తీసుకెళ్లాను. టీ గ్లాసు ఆసుపత్రి అనుకోమన్నాను. అగ్గిపెట్టె కంపెనీ, బిస్కెట్లు ఆడవాళ్లు. అంతా శ్రద్ధగా విని, కంపెనీతో సిగరెట్టు ముట్టించుకుని, ఇద్దరు ఆడవాళ్లని ఆసుపత్రిలో ముంచి తినేశాడు.

మూడు మీటింగులు ఇలాగే గడిచాయి. మేనేజరు గారు పటాలు తెస్తే బాబాయ్ తలకిందులుగా పట్టుకుని తలూపేవాడు. నెలాఖరు రోజు మధ్యాహ్నం నాలుగోది. మేనేజరు గారి గొంతు అప్పటికే బొంగురుపోయింది.

"వాళ్లు రేపట్నుంచి మన మనుషులు కారు. అంతే."

"మరి ఇప్పుడు మన మనుషులేనా సార్?"

"ఇప్పుడూ కారు."

"ఇప్పుడే కానివాళ్లు, రేపట్నుంచి కాకుండా ఎలా పోతారండీ?"

మేనేజరు గారు నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. ఆయన లేచి బోర్డు మీద గళ్లు గీశారు. పైన ఆసుపత్రి, దాని కింద కంపెనీ, దాని కింద మనుషుల్ని పంపే ఏజెన్సీ, అట్టడుగున ఆడవాళ్లు. బాబాయ్ వెళ్లి ఒక్కో గడి మీదా వేలు పెట్టి చదివాడు.

"ఇందులో మీరెక్కడున్నారు సార్?"

మేనేజరు గారు సుద్దముక్కని పై గడిలో పెట్టబోయి ఆగారు. ఆయన్ని ఇక్కడికి పంపింది ఒక సంస్థ, జీతం ఇచ్చేది ఇంకో సంస్థ. సుద్దముక్క బోర్డంతా తిరిగి వచ్చింది గానీ ఎక్కడా వాలలేదు. నియామకపు ఉత్తర్వు చూసుకుని వస్తానని వెళ్లినవారు ఆఫీసు మూసేదాకా రాలేదు.

ఆ రోజుతో పదకొండు మందికీ రెండేళ్లు నిండాయి.

మర్నాడు మడతల గదికి వెళ్తే, వాళ్లలో పెద్దావిడ అసలు సంగతి చెప్పింది. ఆ రెండేళ్ల షరతు పాత ఒప్పందంలో ఏ పేజీలో ఉందో బాబాయ్ చూడకుండా చెప్పాడట. నెలంతా ఎవరూ ఒక్క నాగా కూడా పెట్టొద్దన్నాడట. ఒకామె జ్వరంతో వస్తే కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె వంతు దుప్పట్లు మూడు రోజులు తనే మడతపెట్టాడట. బిస్కెట్లతో పాఠం చెప్పిన నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నిలదీద్దామని పోతే, పన్నెండు సభ్యత్వ ఫారాలు పట్రమ్మన్నాడు.

"పదకొండే కదా బాబాయ్?"

"మేనేజరు గారి ఉద్యోగం గడువు వచ్చే నెలతో అయిపోతుందటరా. పాపం, ఆయన తరఫున అడిగేదెవరు?"

ఆయన నిజంగానే వచ్చారు. పేరు రాశారు, వయసు రాశారు. యజమాని ఎవరన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. బాబాయ్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"అది వదిలేయండి సార్. ఆయనెవరో వెతికి పట్టుకునే పని మాది."