ఫాలో అప్ చేసిన అవ్వ

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు ఎక్కువ రాదు గనీ, వచ్చిన నాలుగు ముక్కలతోనే ఆఫీసు నడిపిద్దును. అండ్ల నాకు పానం లెక్కున్న ముక్క ‘ఫాలో అప్’. మాది తరిగొప్పుల. డిగ్రీ కాంగనే దంతాలపల్లిల, కంటి శిబిరాలు పెట్టే ఒక సంస్థల కోఆర్డినేటర్ నౌకరి దొరికింది. (కోఆర్డినేటర్ అంటే కుర్చీలేసుడు, పేర్లు రాసుడు, ఎవలన్న తిడితే పడుడు.) ఏ పని కాకున్నా రిజిస్టర్ల ‘ఫాలో అప్ చేస్తున్నం’ అని రాస్తే చాలు, పై సార్లు సల్లవడుదురు. నాకైతే పని చెయ్యకముందే చేసినంత తృప్తి.

ఒకనాడు తండా నుంచి ఒక అవ్వ వచ్చింది. కంటి ఆపరేషనై రెండు నెలలాయె, కండ్లద్దాలు రాలే. “మిర్చి ఏరుడు షురువైతది బిడ్డా. చేతిల పట్టుకున్నా మంచి కాయేదో తాలు కాయేదో కానొస్తలేదు. మేస్త్రి నన్ను కూలికి రావద్దంటున్నడు” అన్నది. నేను దర్జాగ పెన్ను తీసి, “ఫాలో అప్ చేస్తున్న అవ్వా” అన్న. “గదేంది?” అన్నది. “పని అయ్యేదాక ఇడువకుండ ఎంబడి వడుడన్నట్టు” అని చెప్పిన. “గంతేనా! గదైతే నాకూ వస్తది” అన్నది. నేను నవ్విన. నవ్వకపోతే బాగుండు.

తెల్లారి నుంచి నాకు పరేషాన్ షురువైంది. చాయ్ హోటల్ల అవ్వ, బస్టాండ్ల అవ్వ. (నా బండి సప్పుడు గుర్తువట్టేదట.) మంగలి షాపుల సగం గడ్డం గీకినంక అద్దంల చూస్తే, నా ఎనుక అవ్వ! “కండ్లద్దాలేవి బిడ్డా?” మంగలన్న కత్తి ఆపి, “ఏందన్నా, ముసలామె కండ్లద్దాలు ఎత్తుకొచ్చినవా?” అన్నడు. మిగిలిన సగం గడ్డంతోనే బయటవడ్డ.

గా వారమే హన్మకొండ నుంచి పెద్దసారు వచ్చిండు. “ఈ అద్దాల సంగతేంది?” అని రిజిస్టర్ మీద వేలు వెట్టిండు. “ఫాలో అప్ జరుగుతున్నది సార్!” అన్న. దర్వాజ కాడికెల్లి అవ్వ అందుకున్నది: “అవు సారూ, రోజూ నేనే చేస్తున్న. ఈ బిడ్డ ఒక్కనాడు చెయ్యలే.”

సారు నవ్వుడు ఆపలే. నాకైతే సిగ్గుతోని పానం పోయినంత పనైంది. తెల్లారే హన్మకొండ ఆఫీసుకు పోయిన. అవ్వ పేరు రాసిన కండ్లద్దాల డబ్బ ఆడ బీరువాల ఎప్పటిసంది పడి ఉన్నదో! తీసిచ్చెటందుకు పది నిమిషాలు వట్టలే.

సీదా మిర్చి చేన్లకే తీసుకపోయిన. అవ్వ కండ్లద్దాలు పెట్టుకొని ముందుగాల ఒక కాయను తిప్పి తిప్పి చూసింది. తర్వాత నా గదుమ పట్టుకొని, “ఓయమ్మా! గింత పోరనివా? నీ ఇంగ్లీషు ఇని పెద్దాఫీసరనుకుంటిని. తెలిస్తే నిన్ను గింతగనం సతాయించకపోదును కొడుకా!” అన్నది. అవ్వ తిట్టినా గంత ఏడుపు రాకపోవు.

ఇప్పుడు జనగామ ఆఫీసుల నా కింద నలుగురు పని చేస్తున్నరు. ఎవలన్న ‘ఫాలో అప్ జరుగుతున్నది సార్’ అంటే, “ఎవలు చేస్తున్నరు?” అని అడుగుత. నాకూ కండ్లద్దాలొచ్చినయి. మంగలి కుర్చీల కూసున్నప్పుడు మాత్రం, అవి తీసి పక్కకు పెట్టేముందు అద్దంల ఒకసారి నా ఎనుక చూసుకుంట. ఎవలుండరు. ఉంటే బాగుండనిపిస్తది.