పదిహేను అనలేక చౌదా

పోయినవి ముందు లెక్క కడతాను. ఒక లోడింగ్ మనిషి పని. ఆయన పన్ను ఒకటి. మా ఇద్దరి మధ్య పదకొండేళ్ల స్నేహం, రోజూ మధ్యాహ్నం పక్కపక్కన కూర్చుని పచ్చడి పంచుకున్న స్నేహం. డ్రమ్ము మాత్రం పోలేదు. గొడవంతా దాని గురించే.

నాకు నత్తి. పటాన్‌చెరు దగ్గర ఒక రంగుల ఫ్యాక్టరీ స్టోర్‌లో పనిచేస్తాను. చదువు ఏడో తరగతితో ఆగింది, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. లెక్క నాకెప్పుడూ తప్పలేదు. ఇరుక్కునే మాట వస్తోందని తెలియగానే పక్క మాటకు దూకేవాణ్ణి. అంకెలకు పక్క మాట ఉండదు, కానీ మా దగ్గర రెండు భాషల లెక్క నడుస్తుంది కాబట్టి బతికిపోయాను. పదకొండు రాకపోతే గ్యారా. పద్నాలుగు రాకపోతే చౌదా. ఒక్క పదిహేనుకే దారి లేదు. పదిహేను, పంద్రా, ఫిఫ్టీన్, మూడూ పెదవుల దగ్గరే మూసుకుంటాయి.

ఆ రోజు నా స్నేహితుడు వ్యాన్‌లోకి పదిహేను డ్రమ్ములు ఎక్కించాడు. నేను లెక్కపెట్టి చెబితే సూపర్‌వైజర్ చీటీ రాయాలి. వెనక ఇంకో లారీ హారన్ కొడుతోంది. పెదవులు అతుక్కుపోయాయి. చౌదా అన్నాను. వ్యాన్ గేటు చేరేలోపు సరిచేద్దామనుకున్నాను. చేయలేదు.

గేటు దగ్గర చీటీ కంటే ఒక డ్రమ్ము ఎక్కువ తేలింది. ఎక్కించినవాడే దొంగ అన్నారు. సూపర్‌వైజర్ నన్ను పిలిచి ఎన్ని లెక్కపెట్టావని అడిగాడు. ‘ప’ దగ్గరే ఆగిపోయాను.

"ఏందిరా, బండి స్టార్ట్ అయితలేదా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నా స్నేహితుడొక్కడే నవ్వకుండా నా నోటి వైపు చూస్తున్నాడు.

"చౌదానే గదా?" అన్నాడు సూపర్‌వైజర్.

తల ఊపాను. ఊపితే నవ్వు ఆగుతుంది. ఆగింది. సూపర్‌వైజర్ ఆయన్ని కొట్టిన చప్పుడు ఆ తర్వాతే.

నా జేబులో పెన్ను ఉంది. అరచేతిలో రెండు అంకెలు వేస్తే సరిపోయేది.

ఆరేళ్ల తర్వాత సంగారెడ్డిలో ఒక స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్లాను. అంతకుముందు నాకు జరిగిన వైద్యమంతా చిన్నప్పుడు అమ్మ నాలుకకు అరగదీసి రాసిన వస కొమ్మే. థెరపిస్టు నా మాట తాను పూర్తిచేయలేదు, గడియారం చూడలేదు. నత్తి పిరికితనం వల్ల రాదని, మెదడు మాటను నడిపించే తీరులో తేడా ఉంటుందని, పూర్తిగా పోతుందని మాటివ్వలేనని చెప్పింది. పెదవులు బిగించకుండా తేలిగ్గా తాకించడం, ఇరుక్కున్నచోట ఆగి మెల్లగా విడవడం, కావాలనే నత్తిగా మాట్లాడటం నేర్పింది. తప్పించుకున్న కొద్దీ ఆ మాట మీద భయం పెరుగుతుందంది. అప్పుడు డ్రమ్ముల సంగతి చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను.

"నత్తి మీ తప్పు గాదు సార్. దాని సంగతి ఇద్దరం కలిసి జూద్దాం," అంది. "కని తల ఊపింది నత్తి గాదు, మీరు."

నాలుగు నెలలకు కొల్లూరులో, ప్రభుత్వం కట్టించిన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లలో నా స్నేహితుణ్ణి వెతికి పట్టుకున్నాను. నాకు నత్తి ఉంది, కాస్త ఆగమని థెరపిస్టు నేర్పినట్టే ముందుగా చెప్పాను. ఆయనకు తెలియనట్టు. తర్వాత పదిహేను అన్నాను. చాలాసేపు పట్టింది. ఆయన చూపు తిప్పుకోలేదు, మాట అందించనూ లేదు.

"నాకెందుకు జెప్తున్నవ్? ఎక్కించింది నేను, నాకు తెల్వదా?" అన్నాడు. "నన్ను కొట్టినప్పుడు ఆడ తొమ్మిదిమంది ఉండిరి. ఆళ్లకు జెప్పు. అప్పటిదాంక నా గడప తొక్కకు."

ఇద్దరికి చెప్పాను. ఒకడు నేను ముగించేదాకా నవ్వాడు. ఇంకొకడు అలాంటి మనిషే గుర్తులేడన్నాడు. తొమ్మిదిమందిలో సూపర్‌వైజర్ కూడా ఉన్నాడు. రిటైరై అమీన్‌పూర్‌లో ఉంటున్నాడు. రెండుసార్లు ఆయన తలుపు దాకా వెళ్లి, బెల్లు నొక్కకుండా తిరిగొచ్చాను.

ఇంకా ఏడుగురు.